యాకూబ్ కుక్క, వాళ్ళమ్మ పెరడు

నేను ఉద్యోగం చేసిన ఊళ్ళన్నీ అడవి అంచునే ఉన్నాయి. మొదట మణుగూరు వైపు, తర్వాత కొన్నేళ్ళు భద్రాచలం చుట్టుపక్కల, చివర్లో ఎక్కువ కాలం ఇల్లందు. పశువుల డాక్టర్‌గా నా చేతి కిందికి వచ్చినవి ఎక్కువగా గేదెలు, ఆవులు, మేకలు. కుక్కలు తక్కువ. ప్రమోషన్లు, బదిలీలు, మీటింగులు అందరికీ ఉండేవే. వాటి గురించి రాస్తే చదివేవాళ్ళకు ఒరిగేదేమీ లేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొస్తుందని ఒక కుక్క సంగతి రాస్తున్నాను. దాని కాలు తీసేసింది నేనే. ఆ తర్వాత అది లేచి నడవడంలో మాత్రం నేను చేసింది తక్కువ. కాలేజీలో ఆపరేషన్ నేర్పుతారు. ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ నేర్పరు.

మా పెద్ద డాక్టర్ గారు

మొదటి పోస్టింగులో నా పైన ఒక పెద్ద డాక్టర్ ఉండేవారు. పేరు అనవసరం. గేదెకు కాన్పు కష్టమైనప్పుడు ఆయన వచ్చి చెయ్యి పెట్టారంటే ఇంటివాళ్ళు ధైర్యంగా పక్కకు వెళ్ళి చుట్ట వెలిగించుకునేవారు. అంత నమ్మకం. కుక్కలంటే మాత్రం ఆయనకు ఖాతరు లేదు. కుక్కను పట్టుకొచ్చినవాళ్ళు గేదెలు, మేకలు అన్నీ అయిపోయేదాకా గోడ పక్కన కూర్చోవాల్సిందే. "పాలిచ్చేదా, దున్నేదా?" అనేవారు. అందులో సగం న్యాయం ఉంది. గేదె పోతే ఆ ఇల్లు గడవడం కష్టం. మిగతా సగం నాకు తర్వాత అర్థమైంది. అడవి పక్క గూడేల్లో మంద వెంట కుక్క లేకపోతే, పొద్దున పోయిన మేకలన్నీ సాయంత్రం ఇల్లు చేరతాయన్న నమ్మకం లేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక మేక వల్ల. ముందు కాలు కుళ్ళిన మేకను ఒక ముసలాయన తెచ్చాడు. "మోకాలు దాకన్న ఉంచు సారూ, కుంటుకుంట మేస్తది" అని బతిమాలాడు. డాక్టర్ గారి మనసు కరిగింది. కాలు చాలావరకు ఉంచి కింద కోశారు. మేక నడిచినప్పుడల్లా ఆ మిగిలిన ముక్క నేలకు తగిలింది. రాళ్ళకు గీసుకుని పుండు పడింది. మళ్ళీ కోయాల్సి వచ్చింది. రెండోసారికి మేక తట్టుకోలేదు.

ఆ రోజు ఆయన చేతులు కడుక్కుంటూ, "నా తప్పే. జాలిపడి తక్కువ కోశాను. నీకు ఎప్పుడైనా కోయాల్సి వస్తే ఒక్కసారే, పైకి కోయి" అన్నారు. తన తప్పు ఇంత సూటిగా చెప్పిన పై అధికారిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన మీద నాకున్న కోపాలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయని చెప్పను. మాట మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

కాలు

ఇల్లందు బస్టాండు వెనక సందులో యాకూబ్ పాషాకు సీట్లు కుట్టే షాపు ఉంది. ఆటోలకు, ట్రాక్టర్లకు, జీపులకు రెక్సిన్ సీట్లు వేస్తాడు. వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడట. షాపులో షేరు అని ఒక కుక్క ఉండేది. ఊరకుక్కే, గోధుమ రంగు, చెవులు మాత్రం నల్లగా ఉండేవి. పగలు ఫోము ముక్కల మీద నిద్ర, రాత్రి షాపుకు కాపలా. ఇంటికి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు. యాకూబ్ తల్లి హుస్సేన్‌బీ ఒక్క పూట కూడా నమాజు తప్పని మనిషి. కుక్క మూతి తగిలితే బట్టలు మార్చుకోవాలి, మళ్ళీ శుభ్రం కావాలి. ఈ వయసులో ఆ పని ఎవరు పెట్టుకుంటారని ఆమె బాధ.

ఒక రోజు పొద్దున నేను దవాఖానాకు వచ్చేసరికి యాకూబ్ మెట్ల మీద ఉన్నాడు. ఒళ్ళో రెక్సిన్ గుడ్డలో చుట్టిన షేరు.

"ఏమైంది?" అన్నాను.

"నేనే ఎక్కించిన మేడం. సీటేసిన జీపు రివర్సు తీస్తున్న. కింద పడుకున్నడని చూసుకోలే."

మా అటెండరు కొమురయ్య గుడ్డ విప్పాడు. వెనక ఎడమ కాలు. మోకాలి కింద ఎముక పిండి అయింది, చర్మం ఒలిచినట్టు ఊడింది. వేళ్ళు చల్లబడ్డాయి. పట్టుకారుతో గట్టిగా నొక్కినా కుక్క తల తిప్పలేదు. దానికి అక్కడ కాలు ఉన్నట్టే తెలియడం లేదు.

"తీసేయాలి" అన్నాను.

యాకూబ్ ఆ కాలు మీద గుడ్డ మళ్ళీ కప్పాడు. తర్వాత, "మోకాలు దాకన్న ఉంచండి మేడం. నేను కాలు తయారుచేస్త. అల్యూమినియం పైపు, ఫోము, రెక్సిను అన్నీ నా దగ్గర ఉన్నయి" అన్నాడు.

"వద్దు యాకూబ్. ఉంచితే ఆ ముక్కను కాలనుకొని నేలకు ఆనిస్తాడు. పుండు పడుతుంది. తొడ సగం దాకా తీసేస్తాను."

"నొప్పి ఉంటదా?"

"ఇప్పుడున్నంత ఉండదు."

మత్తు ఇచ్చి, కొమురయ్య సెలైన్ బాటిల్ పట్టుకుని నిలబడితే, పని ముగించాను. ఆపరేషన్ గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. రక్తనాళాలు జాగ్రత్తగా కట్టాలి, ఎముక చివర మీద కండ మందంగా కప్పాలి, తొందరపడకూడదు. యాకూబ్ ఆ రోజు షాపు తెరవలేదు. సాయంత్రం వరకు మెట్ల మీదే కూర్చున్నాడు. షేరు కళ్ళు తెరిచాక వచ్చి ఖాళీగా ఉన్న చోటు చూశాడు. దుప్పటి కప్పాడు.

కాలు పోయిందన్న దిగులు కుక్కకు ఉండదని కొందరు డాక్టర్లు ఇంటివాళ్ళకు చెప్తుంటారు. నేను ఎప్పుడూ అలా చెప్పలేదు. దిగులు ఉంటుందో లేదో నాకు తెలియదు. నొప్పి ఉంటుంది, భయం ఉంటుంది, ఈ రెండూ కంటికి కనిపిస్తాయి. కనిపించేదానికే మందు ఇవ్వగలం.

మోత

గాయం చక్కగా మానింది. కుట్లు విప్పే నాటికి వాపు లేదు, చీము లేదు. చాలా కుక్కలు అప్పటికే గెంతుతూ వీధిలోకి పోతుంటాయి. షేరు మాత్రం లేవలేదు.

యాకూబ్ దానికి షాపులో పరుపు కుట్టాడు. మంచి ఫోము, పైన మెత్తటి గుడ్డ. మనుషులకు కూడా అతను అంత శ్రద్ధగా కుట్టి ఉండడు. అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టేవాడు. మూత్రానికి ఎత్తుకుని సందు చివరికి తీసుకుపోయి, నడుము కింద చెయ్యి వేసి నిలబెట్టి, అయ్యాక మళ్ళీ ఎత్తుకొచ్చి పడుకోబెట్టేవాడు. సగం కుట్టిన సీటు మిషను మీదే ఉండేది. కుక్క మూలిగితే లేచేవాడు. మూలగకపోతే, ఎందుకు మూలగలేదని లేచేవాడు.

"నడిపించు. చెయ్యి వదులు, కాసేపు పడితే పడనీ" అని నేను చెప్పాను. సరేనన్నాడు. వదల్లేకపోయాడు. ఒకసారి నా ముందే వదిలాడు. షేరు గెంతబోయి మూతి నేలకు కొట్టుకుంది. నేను ఇంకా చూస్తుండగానే కుక్క మళ్ళీ అతని చేతుల్లో ఉంది.

తర్వాత ఒక బండి చేశాడు. పిల్లల సైకిలు చక్రాలు రెండు, సన్నటి పైపు, రెక్సిన్ బెల్టులు. పనితనం చూస్తే ముచ్చటేసింది. కుక్క నడుమును అందులో పెట్టి బెల్టులు బిగించాడు. షేరు కట్టేసిన గేదెలా కదలకుండా నిలబడింది. ముందుకు పిలిస్తే తోక ఊపింది తప్ప అడుగు వేయలేదు. అటువంటి బండి వెనక కాళ్ళు రెండూ పోయినదానికి కావాలి. ఒక కాలు ఉన్నదాన్ని అందులో పెడితే, ఆ ఉన్న కాలు కూడా పని మానేస్తుంది. ఈ మాట అతనికి చెప్పడం నాకు కష్టమైంది, ఎందుకంటే రెండు రోజులు కూర్చుని చేశాడు. చెప్పాను. బెల్టులు విప్పి, బండిని గోడకు చేరేశాడు.

కొత్తగా వచ్చే డాక్టర్లు గమనించాల్సింది ఇక్కడే. కాలు పోయిన కుక్క లేవకపోతే ముందు గాయం చూడండి. తర్వాత మిగిలిన కాళ్ళు, నడుము చూడండి. అన్నీ బాగుంటే, ఎవరు ఎత్తుకుంటున్నారో చూడండి.

ఇంజక్షన్

మరికొన్ని వారాలకు యాకూబ్ మళ్ళీ దవాఖానాకు వచ్చాడు, షేరును భుజాన వేసుకుని. కుడి తుంటి మీద పుండు పడింది. ఒకే పక్క పడుకోవడం వల్ల వచ్చింది. ఉన్న వెనక కాలి కండ సన్నబడింది.

"మేడం, చుట్టుపక్కలోళ్ళు అంటున్నరు, గిట్ల బతికించుడు పాపమని. ఇంజక్షన్ ఇయ్యమంటున్నరు."

"నువ్వేమంటున్నావు?"

"నాకైతే తెల్వది. రోజు వాని మొకం చూస్తుంటే నాకు అన్నం పోతలేదు."

నేను ఆ ఇంజక్షన్‌కు వ్యతిరేకిని కాదు. నా సర్వీసులో చాలాసార్లు ఇచ్చాను, ఇచ్చి ఇంటికి పోయి నిద్రపోయాను కూడా. వెన్ను విరిగినవాటికి, పిచ్చి పట్టినవాటికి, లోపల కుళ్ళినవాటికి అదే న్యాయం. అయితే ఇచ్చే ముందు ఒకటి చూసుకునేదాన్ని. బాధ జంతువుదా, తెచ్చినవాళ్ళదా అని. రెండోదైతే ఆగమనేదాన్ని. ఆ రోజు బల్ల మీద పడుకున్న షేరు, కొమురయ్య టీ గ్లాసు, బిస్కెట్ పట్టుకుని అటు పోతే మెడ తిప్పి అటు, ఇటు వస్తే ఇటు చూసింది. చావుకు సిద్ధమైన కుక్క బిస్కెట్ వాసన కోసం మెడ తిప్పదు.

"ఇప్పుడు ఇవ్వను. కొన్నాళ్ళు నువ్వు వీణ్ణి ముట్టుకోకుండా ఉండగలవా?" అన్నాను.

"ఎట్ల ఉంట మేడం? నా వల్లనే గద గిట్లయింది."

పుండుకు మందు రాసి పంపించాను.

పెరడు

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. మణుగూరులో ఒక స్కూలు బస్సులకు సీట్లు మార్చే పని యాకూబ్‌కు దొరికింది. బస్సులు అక్కడే ఉంటాయి కాబట్టి అక్కడే ఉండి కుట్టాలి. అంత పెద్ద పని వదులుకునే స్థితి కాదు. భార్యా పిల్లలు సెలవులకు సత్తుపల్లిలో ఆమె పుట్టింటికి పోయి ఉన్నారు. ఇంట్లో తల్లి ఒక్కతే.

హుస్సేన్‌బీ ఒప్పుకోలేదు. యాకూబ్ నన్ను వెంటబెట్టుకుని పోయి అడిగించాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది.

"ఇంట్లకైతే తేవొద్దు డాక్టరమ్మా. పెరట్ల రేకుల కింద పెట్టమను. అన్నం ఏస్త, నీళ్ళు పోస్త. ముట్టుకోను. ఎత్తుడు దించుడు నాతోని కాదు, ముందే చెప్తున్న."

"చాలు అమ్మీ, గంతే చాలు" అన్నాడు యాకూబ్. అతని ముఖం మాత్రం చాలినట్టు లేదు.

రెండు రోజులకు మణుగూరు నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ సంగతి సరిగ్గా చెప్పడం లేదని, ఒకసారి చూసి రమ్మని. దవాఖానా అయ్యాక పోయాను. పెరడు పొడుగ్గా ఉంది. ఇటు చివర రేకుల కింద షేరు. మధ్యలో జామ చెట్టు. చెట్టు పక్కన కుళాయి, బట్టలుతికే బండ. అన్నం గిన్నె అటు చివర గోడ దగ్గర ఉంది, నిండుగా. నీళ్ళ గిన్నె మాత్రం కుక్క పక్కనే ఉంది.

"తినలేదా అమ్మా?"

"నిన్న దేకుకుంట పోయింది. సగం తిన్నది. ఇయ్యాల ఇంకా పోలే."

"గిన్నె ఇటు పెడితే?"

"ఈడ పెడ్తే చీమలు పట్టి నా బండ మీదకొస్తయి. ఆడనే ఉండనియ్యి. ఆకలైతే పోతది."

నేను గిన్నె జరపలేదు. బాగా ఆలోచించి ఆ పని చేశానని ఇప్పుడు రాసుకోవచ్చు. నిజానికి ఆ పెరడు ఆమెది, నేను చుట్టపుచూపుగా వచ్చిన మనిషిని. పుండుకు మందు రాసి వచ్చేశాను. దారంతా మనసు గిన్నె మీదే ఉంది. మర్నాడు కూడా తినకపోతే యాకూబ్‌ను వెనక్కి పిలవాలని అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పోయాను. గేటు దగ్గర ఉండగానే కనిపించింది. షేరు లేచి నిలబడి ఉంది. ముందు కాళ్ళు వెడల్పుగా పెట్టి, ఛాతీ ముందుకు వంచి, మిగిలిన వెనక కాలును మధ్యకు తెచ్చుకుంది. ఆ కాలు మధ్యకు రావడమే అసలు సంగతి. అంతకుముందు అది ఉన్న చోటే ఉండేది, అందుకే కుక్క పక్కకు ఒరిగిపోయేది. తోక ఒక పక్కకు చాచి గెంతింది. మళ్ళీ గెంతింది. జామ చెట్టు వేరు దగ్గర బోల్తా పడింది.

పడి, తల ఎత్తి చుట్టూ చూసింది. యాకూబ్ ఉంటే ఆ చూపు చాలు, పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేవాడు. హుస్సేన్‌బీ ముక్కాలి పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తి చూసింది, మళ్ళీ బియ్యంలోకి చూసింది. నేను గేటు తీయలేదు. నా చెయ్యి గడియ మీదే ఉంది, తీయాలని చాలా అనిపించింది కూడా. కుక్క కాసేపు పడుకునే ఉంది. తర్వాత ముందు కాళ్ళు ఆనించి, నడుమును ఒక్క విసురుతో పైకి లేపి, నిలబడి, గోడ దాకా పోయింది. గిన్నెలో మూతి పెట్టింది.

అప్పుడు గేటు తీశాను.

"చూశావా అమ్మా?"

"చూసిన. పొద్దటి సంది గదే నడుస్తుంది. పడుతది, లేస్తది" అంది హుస్సేన్‌బీ, చేతిలో రాయి అవతల పారేసి.

ఆ సాయంత్రం యాకూబ్‌కు ఫోన్ చేయలేదు. చేస్తే పని వదిలి వచ్చేస్తాడని భయం.

కోడి

మరో వారానికి హుస్సేన్‌బీ స్వయంగా దవాఖానాకు వచ్చింది. బురఖా కింద నుంచి ఒక సంచి తీసి బల్ల మీద పెట్టింది. సంచిలో కోడి. తోక దగ్గర ఈకలు లేవు.

"దీన్ని చూడు డాక్టరమ్మా. బతుకుతదా?"

చూశాను. ఈకలు పోయాయి తప్ప గాయం లేదు. భయపడి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. "ఏమీ కాలేదు. ఎవరు పట్టారు?"

"ఇంకెవరు. షేరు గాడు. పెరడంత ఉరికిచ్చి ఉరికిచ్చి పట్టిండు. ఒక్క కాలు లేకనే గిట్ల చేస్తుండు, అది కూడ ఉంటే నా కోళ్ళు మిగులుతుండెనా?"

కొమురయ్య ముఖం అటు తిప్పుకుని నవ్వాడు. నేను నవ్వు ఆపుకుని కోడికి ఈకలు ఊడిన చోట మందు రాశాను. కుక్క కోలుకుందని ఇంతకంటే మంచి కబురు నాకు ఎవరూ తేలేదు. ఆమె దాన్ని ఫిర్యాదుగానే తెచ్చింది, ఫిర్యాదుగానే నేను విన్నాను. ఆమె మాటలో ఇంకొకటి కూడా గమనించాను. అంతకుముందు "పోయింది, తిన్నది" అన్న మనిషి ఇప్పుడు "పట్టిండు" అంటోంది.

యాకూబ్ పని ముగించుకుని వచ్చిన రోజు నేను అక్కడ లేను. మర్నాడు అతనే వచ్చాడు, చేతిలో కుక్క లేకుండా. సంతోషంగా ఉంటాడనుకున్నాను. కుర్చీలో కూర్చుని నేల చూస్తూ ఉన్నాడు.

"ఉరుకుతుండు మేడం. నేను గేటు తీయంగనే ఎదురొచ్చిండు. మధ్యల పడ్డడు. నేను ఎత్తుకుందామని పోయిన. మా అమ్మీ, 'పట్టకు' అన్నది. నేను పట్టేలోపల్నే లేచిండు."

"మంచిదే కదా?"

"మంచిదే. నేను లేకుంటేనే లేచిండు. నేను అన్ని రోజులు దగ్గర కూసుంటే లేవలే."

అతన్ని ఊరడించడానికి అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"అవును యాకూబ్. నువ్వు మోసినన్నాళ్ళు నడవాల్సిన అవసరం వాడికి రాలేదు. కానీ ఆ మొదటి రోజుల్లో నువ్వు ముద్దలు పెట్టకపోతే గాయం మానేదాకా బతికేవాడు కాదు. అప్పుడు మోయడం సరైనదే. ఎప్పుడు దించాలో నీకు తెలియలేదు, అంతే. చాలామందికి తెలియదు."

తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "మా అమ్మీ వాణ్ణి షాపుకు పంపనంటుంది. బండ్ల కాడ వద్దంట. పెరట్లనే ఉండనియ్యమంటుంది" అన్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నవ్వాడు.

మూడు కాళ్ళ మీద

తర్వాత కొన్నేళ్ళపాటు ఆ కుక్కను చూస్తూ వచ్చాను. డాక్టర్లకు ఇది అరుదు. బాగైన జంతువును మళ్ళీ ఎవరూ తీసుకురారు.

మెల్లగా నడవడం దానికి కష్టం, పరుగు తేలిక. మెట్లు ఎక్కడం సులువు, దిగడం కష్టం. ఎడమకు మలుపు తిరిగేటప్పుడు వేగం తగ్గించుకోవడం తనంతట తానే నేర్చుకుంది. గోడకు మూత్రం పోయాలంటే మొదట్లో అలవాటు కొద్దీ ఉన్న కాలు ఎత్తబోయి కూలబడేది. తర్వాత గోడకు ఎడమ పక్క పెట్టి నిలబడడం కనిపెట్టింది. అటు ఎత్తాల్సిన కాలే లేదు. నున్నటి టైల్స్ మీద మాత్రం చివరిదాకా భయపడేది. భుజాలు మందంగా తయారయ్యాయి. వాన పడే రోజుల్లో కోసిన చోట నాకుతూ కూర్చునేది. అది నొప్పో, అలవాటో నేను చెప్పలేను.

నా పోరు అంతా తిండితోనే. బరువు పెరిగితే మూడు కాళ్ళ మీద ఆ బరువు పడుతుంది. యాకూబ్ శుక్రవారాలు బిర్యానీ మిగిలిందని తెచ్చి పెట్టేవాడు. ముట్టుకోవద్దంటే తిండి రూపంలో ముట్టుకుంటున్నాడని నాకు అర్థమయ్యేది. రెండు మూడుసార్లు గట్టిగానే కోప్పడ్డాను. కాలు పోయిన కుక్కల్ని జబ్బు కంటే జాలే ఎక్కువ పాడుచేస్తుందని నా అభిప్రాయం.

జయమ్మ

నేను రిటైర్ కావడానికి కొంచెం ముందు, భద్రాచలం దారిలో అడవి లోపలి గూడెం నుంచి జయమ్మ అని ఒకావిడ ఆటోలో కుక్కను తెచ్చింది. నల్ల కుక్క, బక్కగా, చురుగ్గా ఉంది. అడవి పందుల కోసం ఎవరో పెట్టిన తీగ ఉచ్చులో ముందు కాలు ఇరుక్కుంది. కొరికి, లాగి, ఎట్లాగో ఇంటికి చేరింది. అప్పటికి తీగ ఎముక దాకా దిగింది. కింది భాగం చచ్చిపోయి వాసన వస్తోంది.

"మేకల ఎంబడి పోయే కుక్క" అంది జయమ్మ. "కాలు తీస్తే ఏం పని చేస్తది? ఇంజక్షన్ ఇయ్యి, నాకు బాధ లేకుంట పోతది."

అబద్ధం చెప్పలేదు. "ముందు కాలు పోవడం వెనక కాలు పోవడంకంటే కష్టం. కుక్క బరువు ఎక్కువ ముందు కాళ్ళ మీదే ఉంటుంది. మంద వెంట పోతుందని నేను మాట ఇవ్వను. బతకడం మాత్రం బతుకుతుంది, నడుస్తుంది."

"నడిచిన కుక్కను నువ్వు చూసినవా?"

"చూశాను. నువ్వూ చూడు."

కుక్కకు నొప్పి మందు ఇచ్చి కొమురయ్య దగ్గర ఉంచి, ఆమెను హుస్సేన్‌బీ ఇంటికి తీసుకుపోయాను. హుస్సేన్‌బీ పెరడు ఊడుస్తోంది. అప్పటికి బాగా వంగిపోయింది. మమ్మల్ని అరుగు మీద కూర్చోమంది. షేరు జామ చెట్టు కింద నుంచి లేచి వచ్చి, జయమ్మ చీర కుచ్చిళ్ళు వాసన చూసి, ఎదురుగా కూర్చుంది. జయమ్మ దాన్ని పట్టి పట్టి చూసింది.

"నడవనీకి ఎవరు నేర్పిన్రమ్మా దీనికి?"

"ఎవరు నేర్పుతరు. అన్నం ఆడ పెట్టిన. పోయి తిన్నడు."

అప్పుడే షేరుకు ఎడమ చెవి దురద పుట్టింది. తల వంచి, ఆ పక్క కాలితో గోక్కోబోయింది. కాలు లేదు. కోసిన తొడ ముక్క మాత్రం వేగంగా, గోకుతున్నట్టే ఆడుతోంది. గాలిలో. ఇది నేను చాలా కుక్కల్లో చూశాను. ఎన్నేళ్ళయినా ఆ కాలు లేదన్న సంగతి చెవికి తెలియదు.

హుస్సేన్‌బీ మాట ఆపలేదు. జయమ్మ ఊరు, మేకల సంగతి అడుగుతూనే చేతిలోని పుల్లల చీపురు చాచి, దాని చివర్లతో కుక్క ఎడమ చెవి వెనక గోకింది. షేరు కళ్ళు మూసుకుని మెడ అటు వాల్చింది. తొడ ముక్క ఆగేదాకా గోకి, చీపురు వెనక్కి తీసుకుని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. అది ఆమెకు రోజూ ఉండే పనిలా కనిపించింది. ఇన్నేళ్ళలో ఆ కుక్కను ఆమె చేత్తో ముట్టుకోలేదని యాకూబ్ చెప్పాడు. నిజమే అయి ఉంటుంది.

జయమ్మ ఆ చీపురునే చూస్తూ కూర్చుంది. లేచేటప్పుడు నాతో, "తీసెయ్యి మేడం కాలు. మంద ఎంబడి రాకుంటే ఇంటి కాడ ఉంటది" అంది.

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశాను. భుజం దాకా తీసేశాను. రాత్రికి కుక్కను దవాఖానాలోనే ఉంచాం. జయమ్మ ఊళ్ళో చుట్టాలింట్లో పడుకుని పొద్దున్నే వచ్చింది. మందులు ఎట్లా వేయాలో చెప్పాను, కట్టు తడవకూడదని చెప్పాను. ఆటో గేటు బయట ఆగి ఉంది. కొమురయ్య కుక్కను ఎత్తబోయాడు. "మెట్ల దాకా నేను తీసుకపోత" అని ఆమే ఎత్తుకుంది.

మెట్ల కింద మట్టి నేల మీద దాన్ని దించింది. దించి, ఆటో వైపు కొంచెం దూరం నడిచి, ఆగింది. పిలవలేదు. కొంగు చివర నోట్లో పెట్టుకుని పళ్ళతో కొరుకుతూ నిలబడింది. ఆటో డ్రైవరు దిగి రాబోతే చేత్తో ఆపింది.

కుక్క కాసేపు ఆమె వైపు చూసింది. తర్వాత లేచింది.